ఈ90 320డీ: బయటి కంపెనీ ఎల్‌ఈడీ టెయిల్ లైట్లు బిగించాక ఎడమ బ్రేక్ లైట్ పూర్తిగా ఆగిపోయింది

బూడిదరంగు_320డీ (హైదరాబాద్) · శనివారం రాత్రి 10:40

అందరికీ నమస్కారం. నాది 2008 మొదట్లో తయారైన బీఎండబ్ల్యూ 320డీ, ఈ90 బాడీ (ఆ తరం కారుకి కంపెనీ కోడ్), ఫేస్‌లిఫ్ట్‌కి, అంటే కంపెనీ రూపురేఖలు మార్చడానికి ముందుది. రెండేళ్ల కిందట మూడో ఓనర్‌గా కొన్నాను. కంపెనీ టెయిల్ లైట్లు బాగా మసకబారాయి, కుడివైపు లెన్స్‌కి పగులు కూడా ఉంది. ఎలాగూ మార్చాలి కదా అని, ఫేస్‌లిఫ్ట్ కారు లాగా కనిపించే ఎల్‌ఈడీ లైట్లు ఆన్‌లైన్‌లో తెప్పించాను. నా పాత బాడీకే సరిపోయేలా బయటి కంపెనీ చేసిన రకం. బిగింపులో ఇబ్బంది రాలేదు. డిక్కీ పక్క ట్రిమ్ తీసి, నట్లు విప్పి, పాత కనెక్టర్‌కే కొత్తది తగిలించాను. గంటన్నరలో అయిపోయింది.

అక్కడినుంచి మొదలైంది. స్టార్ట్ చేయగానే మీటర్‌లో బల్బు పోయిందని వరసగా మెసేజ్‌లు. కారు లాక్ చేశాక కూడా లైట్లు సన్నగా మిణుకుమంటున్నాయి. హెడ్‌లైట్లు వేస్తే ఎడమ బ్రేక్ లైట్ తనంతట తనే సగం వెలుగుతోంది.

దగ్గర్లో ఉన్న ఎలక్ట్రీషియన్‌కి చూపిస్తే రెండు వైపులా రెసిస్టర్లు (కరెంట్ లాగి, పాత బల్బే ఉన్నట్టు కారుని నమ్మించే భాగాలు) పెట్టాడు. నీలం రంగు క్లిప్పులతో వైర్ మీదే ట్యాప్ చేశాడు. రెండు రోజులు మెసేజ్‌లు లేవు. మూడో రోజు ఎడమ బ్రేక్ లైట్ అసలు వెలగడం మానేసింది. పాత లైట్ తెచ్చి తగిలించినా వెలగలేదు. డిక్కీ తెరిస్తే కాలిన ప్లాస్టిక్ వాసన.

సోమవారం ఔటర్ రింగ్ రోడ్డు మీదుగా ఆఫీసుకి వెళ్లాలి. ఒక బ్రేక్ లైట్ లేకుండా ఆ రోడ్డెక్కడానికి నాకు ధైర్యం చాలడం లేదు. చాలా టెన్షన్‌గా ఉంది. దయచేసి తెలిసినవాళ్లు చెప్పండి.

గోదారిగట్టు (రాజమండ్రి) · శనివారం రాత్రి 10:58

ముందు ఫ్యూజ్ చూశారా అన్నా? నా పాత కారులో ఇలాగే అయితే పది రూపాయల ఫ్యూజ్‌తో తేలిపోయింది.

బూడిదరంగు_320డీ · శనివారం రాత్రి 11:05

గ్లవ్ బాక్స్ వెనక ఫ్యూజులన్నీ ఒక్కొక్కటిగా తీసి చూశాను. అన్నీ బాగానే ఉన్నాయి.

తీగలపని (విశాఖపట్నం) · ఆదివారం ఉదయం 6:20

ఈ కారులో ఎడమ బ్రేక్ లైట్‌కి విడిగా ఫ్యూజ్ ఉండదు కాబట్టి అక్కడ ఏమీ దొరకదు. కొంచెం వివరంగా రాస్తాను. ఇది అర్థమైతే మీ మూడు సమస్యలూ ఒకే వేరు నుంచి వచ్చాయని తెలుస్తుంది.

పాతకాలం కార్లలో బ్రేక్ పెడల్ దగ్గర స్విచ్, అక్కడినుంచి ఒక వైరు, చివర బల్బు. అంతే. ఈ90లో పెడల్ నొక్కిన సంగతి ముందు ఒక కంప్యూటర్‌కి చేరుతుంది. డాష్‌బోర్డ్ కింద కాళ్ల దగ్గర ఉండే ఫుట్‌వెల్ మాడ్యూల్ అది. ఏ లైట్‌కి ఎంత కరెంట్ పంపాలో అదే నిర్ణయిస్తుంది. అందులో ఎలక్ట్రానిక్ స్విచ్‌లు ఉంటాయి, ఫ్యూజ్ పని కూడా అవే చేస్తాయి.

ఆ మాడ్యూల్ బల్బును రెండు రకాలుగా కనిపెట్టుకుని ఉంటుంది. లైట్ వెలుగుతున్నప్పుడు కరెంట్ ఎంత పోతోందో కొలుస్తుంది. దాన్ని వార్మ్ మానిటరింగ్ అంటారు. 21 వాట్ల బల్బు 12 వోల్టుల దగ్గర 1.75 ఆంపియర్లు తీసుకుంటుంది. మీ ఎల్‌ఈడీ అందులో ఆరో వంతో, ఇంకా తక్కువో తీసుకుంటుంది. అందుకే బల్బు పోయిందని మెసేజ్. రెండోది కోల్డ్ మానిటరింగ్. లైట్ ఆపి ఉన్నప్పుడు కూడా చాలా చిన్న కరెంట్ పల్స్‌లు పంపి, ఫిలమెంట్ తెగిందా లేదా అని చూస్తుంది. ఫిలమెంట్ అంత కొంచెం కరెంట్‌కి వెలగదు, ఎల్‌ఈడీ వెలిగేస్తుంది. మీరు చూసిన మిణుకు అదే.

బ్రేక్ లైట్ సగం వెలగడం మూడోది. టెయిల్ బల్బు పోయిందని మాడ్యూల్ అనుకుంటే, వెనక చీకటిగా ఉండకూడదని బ్రేక్ బల్బును తక్కువ వెలుగుతో దాని బదులు వాడుకుంటుంది. మంచి ఏర్పాటే. మీ కారులో మాత్రం లేని లోపానికి చేసింది.

ఇక లైట్ పూర్తిగా ఎందుకు ఆగిందంటే, ఆ వైరు ఎక్కడో బాడీకి తగిలి షార్ట్ అయి ఉంటుందని నా అనుమానం. ఈ మాడ్యూల్‌లో షార్ట్ సర్క్యూట్‌లను లెక్కపెట్టే కౌంటర్ ఉంది. హద్దు దాటితే ఆ ఒక్క ఔట్‌పుట్‌ని ఆపేస్తుంది. బ్యాటరీ తీసి పెట్టినా తిరిగి రాదు. సాఫ్ట్‌వేర్‌తో కౌంటర్‌ని రీసెట్ చేయాలి. షార్ట్ ఎక్కడో కనిపెట్టి సరిచేయకుండా రీసెట్ చేస్తే మళ్లీ అదే జరుగుతుంది, ఈసారి మాడ్యూల్‌కే దెబ్బ తగలొచ్చు.

ముందు ఆ రెసిస్టర్లు తీసేయండి. క్లిప్పులు పెట్టిన చోట ఫొటోలు పెట్టండి.

ఆటోనగర్_ఎలక్ట్రిక్ (విజయవాడ) · ఆదివారం ఉదయం 8:15

తీగలపని గారు చెప్పింది సరైనదే. నేను ఇరవై రెండేళ్లుగా ఇదే పనిలో ఉన్నాను. ఒక మాట చెప్పాలి. మీ ఎలక్ట్రీషియన్ దురుద్దేశంతో చేసి ఉండడు. మామూలు కార్లకి రెసిస్టర్ పెడితే, ఎల్‌ఈడీ వల్ల పెరిగిన ఇండికేటర్ వేగం మామూలవుతుంది, కస్టమర్ సంతోషంగా వెళ్తాడు. అదే పద్ధతి ఈ కారుకీ వాడాడు. ఇలాంటి కారు వచ్చినప్పుడు ముందు వైరింగ్ డయాగ్రం ముందు పెట్టుకోవాలి. నేను కూడా మొదటి రెండు మూడు జర్మన్ కార్ల దగ్గరే ఇది నేర్చుకున్నాను.

ఆ నీలం క్లిప్పు వైర్ ఇన్సులేషన్‌ని కోసుకుంటూ లోపలికి దిగుతుంది. సన్నని వైర్‌లో సగం పోగులు తెగిపోతాయి. మిగతా సగంలోంచే కరెంట్ అంతా పోవాలి, అక్కడ వేడెక్కుతుంది. వానాకాలంలో తేమ చేరితే ఆకుపచ్చగా చిలుం పడుతుంది. మా షెడ్డుకి వచ్చే లైటు కంప్లయింట్లలో సగం ఈ క్లిప్పుల దగ్గరే తేలతాయి.

ఇంకోటి, ఎర్త్ చూడండి. ఈ కార్లలో బ్రౌన్ వైర్ ఎర్త్. లైట్లన్నీ వెలిగించి, మల్టీమీటర్ ఒక కొన లైట్ కనెక్టర్‌లోని బ్రౌన్ పిన్ మీద, రెండోది బ్యాటరీ నెగెటివ్ మీద పెట్టండి. 0.1 వోల్టు లోపు చూపించాలి. అంతకంటే ఎక్కువుంటే ఎర్త్ బాగా లేదు. బ్యాటరీ ఈ కారులో డిక్కీలోనే కుడివైపు ఉంటుంది కాబట్టి కొలవడం తేలిక.

డాలస్_తెలుగు_సెడాన్ (డాలస్) · ఆదివారం ఉదయం 9:02

లైట్ ప్యాకింగ్ మీద, లెన్స్ మీద ఏ గుర్తులున్నాయో చెప్పగలరా? నేను ఇక్కడ ఇలాంటిదే చేసినప్పుడు ముందు అదే చూశాను. అమెరికాలో వాహనాల లైట్లకి ఎఫ్‌ఎంవీఎస్‌ఎస్ 108 అనే ప్రమాణం ఉంది. దాని ప్రకారం వెనక ఇండికేటర్ ఎర్రగా ఉన్నా పరవాలేదు. అందుకే అమెరికా మార్కెట్ కోసం చేసిన లైట్లు కొన్ని పూర్తిగా ఎర్రగానే వస్తాయి. యూరప్ ప్రమాణంలో వెనక ఇండికేటర్ పసుపురంగులోనే ఉండాలి. యూరప్ ఆమోదం ఉంటే లెన్స్ మీద గుండ్రంలో ఇంగ్లీష్ అక్షరం E, పక్కన అంకె ఉంటాయి. 1 అంటే జర్మనీ, 4 అంటే నెదర్లాండ్స్, ఆమోదం ఇచ్చిన దేశాన్నిబట్టి.

బూడిదరంగు_320డీ · ఆదివారం ఉదయం 9:30

లెన్స్ మీద ఆ E గుర్తు లేదు. ఇండికేటర్ మాత్రం పసుపే.

రూల్స్_చూద్దాం (వరంగల్) · ఆదివారం ఉదయం 10:11

పసుపు కావడం మంచిదైంది. మన దేశంలోనూ వెనక ఇండికేటర్ పసుపురంగే ఉండాలి. మోటారు వాహనాల చట్టంలో 52వ సెక్షన్ బండిలో మార్పుల గురించి చెబుతుంది. 2019 సవరణలో వచ్చిన 182ఏ సెక్షన్ ప్రకారం, అనుమతి లేని మార్పు ఓనర్ చేస్తే ఒక్కో మార్పుకి 5,000 రూపాయల జరిమానా, ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ. భయపెట్టడానికి చెప్పడం లేదు. రంగు మారకుండా, వెలుగు తగ్గకుండా ఉండాలి. లెన్స్‌కి నల్ల ఫిల్మ్ అంటించే ఆలోచన ఉంటే మానేయండి.

రిఫ్లెక్టర్ సంగతి కూడా చూసుకోండి. బయటి కంపెనీల లైట్లు చాలావాటిలో ఎర్ర రిఫ్లెక్టర్ ముక్క ఉండదు. మీ కారుకి అది బంపర్‌లో ఉందో, పాత లైట్‌లోనే ఉండేదో సరిచూసుకోండి. రాత్రి రోడ్డు పక్కన లైట్లన్నీ ఆపి నిలిపిన కారు వెనక వచ్చే లారీకి కనబడేది ఆ ముక్క వల్లే. మా బాబాయి కారు ఒకసారి హైవే మీద ఆగిపోయినప్పుడు ఆ రిఫ్లెక్టరే కాపాడింది. అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను.

నల్లగుర్రం_ఆక్టేవియా (హైదరాబాద్) · ఆదివారం ఉదయం 10:40

రెసిస్టర్‌ని అందరూ అంత చెడ్డగా చెబుతున్నారు కానీ, నా కారుకి ఇండికేటర్లకి పెట్టి నాలుగేళ్లయింది. ఏ సమస్యా లేదు.

తీగలపని · ఆదివారం మధ్యాహ్నం 12:25

ఇండికేటర్ అయితే మీ మాట ఒప్పుకుంటాను. అది సగం సమయమే వెలుగుతుంది, అదీ మలుపు తిరిగేవరకే. టెయిల్ లైట్, బ్రేక్ లైట్ సంగతి వేరు. సాధారణంగా అమ్మేది 6 ఓమ్‌ల, 50 వాట్ల రెసిస్టర్. ఇంజన్ నడుస్తూ 13.5 వోల్టులు వస్తుంటే అందులోంచి 2.25 ఆంపియర్లు పోతాయి. అంటే సుమారు 30 వాట్లు. అదంతా వేడే. సోల్డరింగ్ ఐరన్ 25 వాట్లది ఉంటుంది, దాంతో సీసం కరిగిస్తాం. పైన రాసి ఉన్న 50 వాట్లు దాన్ని ఇనుప రేకుకి గట్టిగా బిగిస్తేనే. కార్పెట్ వెనక వేలాడదీస్తే ఆ లెక్క చెల్లదు. బూడిదరంగు గారి డిక్కీలో వాసన ఎక్కడిదో ఇప్పుడు అర్థమై ఉంటుంది.

పైగా ఎల్‌ఈడీ పెట్టుకుంటే కరెంట్ తక్కువ ఖర్చవుతుంది కదా. రెసిస్టర్ పెడితే పాత బల్బు కంటే ఎక్కువ కరెంట్ తీసుకుంటుంది, ఆ పాత సన్నని వైర్ల మీదే.

నల్లగుర్రం_ఆక్టేవియా · ఆదివారం మధ్యాహ్నం 12:41

సరే, లెక్క చూశాక ఒప్పుకుంటున్నాను. నావి రేకుకి బిగించి ఉన్నాయో లేదో సాయంత్రం చూస్తాను.

బూడిదరంగు_320డీ · ఆదివారం సాయంత్రం 5:50

ఇప్పుడే చేతులు కడుక్కుని వచ్చాను. చూసినవన్నీ రాస్తున్నాను.

ఎడమవైపు ట్రిమ్ తీయగానే రెసిస్టర్ కనిపించింది. ప్లాస్టిక్ ట్రిమ్‌కి ట్యాగ్ వేసి కట్టారు. దాని వెనక ప్లాస్టిక్ గోధుమరంగుకి తిరిగి, అంగుళం మేర ఉబ్బింది. కింద ఉన్న సౌండ్ ఫోమ్ కూడా కమిలింది. ఇంకో వారం ఉంటే ఏమయ్యేదో తలచుకుంటేనే గుండె జారుతోంది. వెనక సీట్లో మా పాప కూర్చుంటుంది.

బ్రేక్ లైట్ వైర్ మీది క్లిప్పు విప్పాను. పోగులు సగానికి పైగా తెగి ఉన్నాయి. ఆ వైరు ట్రిమ్ బిగించినప్పుడు బాడీ రేకు అంచుకి నలిగి రాగి బయటపడింది. రేకు మీద చిన్న నల్ల మచ్చ కూడా ఉంది. తీగలపని గారు చెప్పిన షార్ట్ ఇదే అయి ఉండాలి.

ఎర్త్ కొలిచాను. కుడివైపు 0.05. ఎడమవైపు 0.9. కనెక్టర్‌లో బ్రౌన్ పిన్ నల్లబడి ఉంది.

ఒక సందేహం. కుడివైపు టెయిల్ లైట్ వైర్ దగ్గర మల్టీమీటర్ 4 వోల్టులే చూపిస్తోంది, 12 రావాలి కదా? అక్కడ కూడా ఏదైనా పాడైందా?

ఆటోనగర్_ఎలక్ట్రిక్ · ఆదివారం సాయంత్రం 6:20

కంగారు పడకండి తమ్ముడూ, అది పాడవడం కాదు. టెయిల్ లైట్‌కి మాడ్యూల్ నిరంతరంగా కరెంట్ ఇవ్వదు. సెకనుకి చాలాసార్లు ఆన్ ఆఫ్ చేస్తూ వెలుగు తగ్గిస్తుంది. ఆ తుంపుల సగటును మీటర్ 4 అని చూపిస్తోంది. నాసిరకం ఎల్‌ఈడీలు అదే కారణంగా ఫోన్ కెమెరాలోనే కాదు, కంటికి కూడా దడదడలాడుతూ కనిపిస్తాయి.

ఎడమ ఎర్త్ మాత్రం తప్పకుండా చేయాలి. ఒక వైపు లైట్లన్నిటి కరెంటూ ఆ ఒక్క పిన్ గుండానే వెనక్కి పోవాలి. అది సరిగా పోకపోతే పక్క లైట్ గుండా దారి వెతుక్కుంటుంది. బ్రేక్ నొక్కితే ఇండికేటర్ మసకగా వెలగడం లాంటివి అప్పుడే వస్తాయి. గీకి శుభ్రం చేయడంతో సరిపెట్టుకోవద్దు. నల్లబడిన పిన్‌కి బిగువు పోయి ఉంటుంది. పిన్ మార్చండి. అదే సైజు టెర్మినల్ రాణీగంజ్‌లో అడిగితే దొరుకుతుంది, పాత పిన్ చేత్తో పట్టుకెళ్లి చూపించండి.

వైర్ కోసం నా పద్ధతి చెబుతాను. దెబ్బతిన్న ముక్క మొత్తం కత్తిరించి, అదే మందం ఉన్న వైర్ ముక్క కలపాలి. హీట్ ష్రింక్ ట్యూబ్‌ని (వేడి చేస్తే బిగుసుకునే గొట్టం) కలపడానికి ముందే వైర్‌కి తొడగాలి. ఇది చాలామంది మర్చిపోయి మళ్లీ విప్పుతారు. రెండు అతుకులూ పక్కపక్కన రాకుండా కొంచెం ఎడంగా ఉంచండి. ట్యూబ్‌లో లోపల జిగురు ఉండే రకం వాడండి, నీరు పట్టదు. చివర గుడ్డ టేప్ చుట్టండి. నల్ల ప్లాస్టిక్ టేప్ మన ఎండలకి జిగురు కారి ఊడిపోతుంది.

డాలస్_తెలుగు_సెడాన్ · ఆదివారం సాయంత్రం 6:48

వైర్ని సోల్డర్ చేయాలా (సీసంతో అతకాలా), క్రింప్ చేయాలా (లోహపు గొట్టంలో పెట్టి నొక్కాలా) అన్నది ఎక్కడికెళ్లినా వాదనే. కదలిక ఉండే చోట, అంటే డిక్కీ మూతకి వెళ్లే వైర్లలో, నేను క్రింప్ వైపే ఉంటాను. సోల్డర్ చేసిన చోట వైరు బిరుసెక్కి, పక్కనే విరుగుతుంది.

తీగలపని · ఆదివారం రాత్రి 8:30

ఇక కోడింగ్, అంటే కారు కంప్యూటర్‌లో సెట్టింగులు మార్చడం. ఇది అసలు పరిష్కారం. వెనక ఉన్నది ఎల్‌ఈడీ అని మాడ్యూల్‌కి చెప్పేస్తే చాలు, రెసిస్టర్‌తో దాన్ని మభ్యపెట్టాల్సిన పని లేదు. ఈ90కి కారుని లాప్‌టాప్‌కి కలిపే కే+డీక్యాన్ కేబుల్, ఎన్‌సీఎస్ ఎక్స్‌పర్ట్ సాఫ్ట్‌వేర్ ఉన్న లాప్‌టాప్ కావాలి. షార్ట్ కౌంటర్‌ని ఇన్పా, టూల్32 అనే సాఫ్ట్‌వేర్‌లలో ఏదో ఒకదానితో రీసెట్ చేస్తారు. సాఫ్ట్‌వేర్‌లో మాటలు జర్మన్‌లో ఉంటాయి. కాల్ట్ అంటే చల్లనిది, వార్మ్ అంటే వెచ్చనిది. ఏ లైట్‌కి ఏది మారుస్తున్నారో కాగితం మీద రాసుకుంటూ చేయండి. పాత కోడింగ్ ఫైల్ ముందే దాచుకోండి.

అన్నిటికంటే ముఖ్యం బ్యాటరీ. కోడింగ్ అవుతున్నంతసేపూ ఇగ్నిషన్ ఆన్‌లో ఉంటుంది. మధ్యలో వోల్టేజ్ పడిపోతే ఫుట్‌వెల్ మాడ్యూల్ మెమరీ చెడిపోవచ్చు. ఈ తరం కార్లలో, ముఖ్యంగా దీని తర్వాత వచ్చిన మాడ్యూళ్లలో, ఇది బాగా తెలిసిన సమస్య. అది చెడితే లైట్లతో పాటు పవర్ విండోలు కూడా ఆగిపోతాయి. కోడింగ్‌కి పనికొచ్చే పవర్ సప్లై ఉన్న మనిషి చేతనే చేయించండి. ఇంట్లో ఉండే చిన్న ఛార్జర్ ఆ లోడ్‌ని మోయలేదు.

ఒక విషయం మీరే ఆలోచించుకోవాలి. కోల్డ్ మానిటరింగ్ ఆపేస్తే నష్టం లేదు. వార్మ్ కూడా ఆపేస్తే, రేపు నిజంగానే లైట్ పోయినా కారు మీకు చెప్పదు. నేనైతే కోల్డ్ ఒక్కటే ఆపి, మెసేజ్ ఇంకా వచ్చే లైట్లకి మాత్రమే వార్మ్ ఆపుతాను. బ్రేక్ లైట్‌కి వీలైనంతవరకు ముట్టుకోను.

గోదారిగట్టు · ఆదివారం రాత్రి 8:52

ఇంత కష్టం ఎందుకు, పాత రకం బల్బు లైట్లే కొత్తవి కొనేస్తే పోదా? తప్పుగా అనుకోవద్దు, నిజంగానే అడుగుతున్నాను.

తీగలపని · ఆదివారం రాత్రి 9:15

మంచి ప్రశ్న. చాలామందికి నేను ఆ సలహానే ఇస్తాను. కానీ ఎల్‌ఈడీ బ్రేక్ లైట్‌కి ఒక నిజమైన లాభం ఉంది. ఫిలమెంట్ బల్బు వేడెక్కి పూర్తి వెలుగుకి రావడానికి సుమారు సెకనులో ఐదో వంతు పడుతుంది. ఎల్‌ఈడీ వెంటనే వెలుగుతుంది. గంటకు 100 కిలోమీటర్ల వేగంలో ఆ ఐదో వంతు సెకనులో వెనక కారు ఐదున్నర మీటర్లు ముందుకొస్తుంది. ఒక కారు పొడవు కంటే ఎక్కువ. అయితే ఆ ఎల్‌ఈడీ వెలుగు పాత బల్బుకి తీసిపోకూడదు, పగటి ఎండలో కనబడాలి. బూడిదరంగు గారూ, మిట్టమధ్యాహ్నం పాతది ఒకవైపు, కొత్తది ఒకవైపు పెట్టి 30 మీటర్ల దూరం నుంచి చూడండి. కొత్తది వెలవెలపోతే గోదారిగట్టు గారి మాటే వినండి.

బూడిదరంగు_320డీ · తర్వాతి శనివారం రాత్రి 9:10

వారం పట్టింది, అందుకే ఆలస్యంగా రాస్తున్నాను. సోమవారం నుంచి శుక్రవారం వరకు మెట్రోలో వెళ్లాను, కారు బయటికి తీయలేదు.

వైర్ ముక్క మార్చాను, క్రింప్ చేసి జిగురు ట్యూబ్ వేశాను. బ్రౌన్ పిన్ రాణీగంజ్‌లో మూడో షాపులో దొరికింది. ఇప్పుడు ఎడమ ఎర్త్ 0.04 చూపిస్తోంది. వైర్ రేకు అంచుకి తగలకుండా అక్కడ రబ్బరు అంచు కూడా తొడిగాను.

ఈరోజు ఉదయం కోడింగ్ చేసే అతను ఇంటికే వచ్చాడు. పవర్ సప్లై తనే తెచ్చుకున్నాడు, పని పూర్తయ్యేవరకు వోల్టేజ్ 13.4 దగ్గరే నిలిచింది. కౌంటర్ చూస్తే ఎడమ బ్రేక్ లైట్ నిజంగానే షార్ట్ కింద ఆగి ఉంది. రీసెట్ చేసి, పెడల్ నొక్కగానే వెలిగింది. మా ఆవిడ వెనక నిలబడి "వచ్చింది" అన్నప్పుడు ఎంత తేలికపడ్డానో మాటల్లో చెప్పలేను. నాలుగు లైట్లకి కోల్డ్ మానిటరింగ్ ఆపాం. వార్మ్ మాత్రం రెండు టెయిల్ లైట్లకే ఆపాం. బ్రేక్ లైట్లకి మెసేజ్ రావడం లేదు, వాటి జోలికి పోలేదు. మిణుకు కూడా పోయింది.

తీగలపని గారు చెప్పినట్టు మధ్యాహ్నం పన్నెండున్నరకి ఎదురుగా రోడ్డు మీద 30 మీటర్లు కొలిచి చూశాం. బ్రేక్ లైట్ వెలుగు పాతదానికి తగ్గలేదు. రిఫ్లెక్టర్ బంపర్‌లోనే ఉంది, రాత్రి ఫోన్ టార్చ్ వేసి చూశాను.

ఒకటి మాత్రం బాగా రాలేదు. నీళ్లు పోసి చూద్దామని నేను టార్చ్ పట్టుకుని డిక్కీలో కూర్చుంటే, మా తమ్ముడు బయటినుంచి పైపుతో లైట్ చుట్టూ పది నిమిషాలు పోశాడు. కుడివైపు కింది మూలలో సన్నగా చెమ్మ దిగింది. దాని కిందే బ్యాటరీ. కొత్త లైట్‌తో వచ్చిన ఫోమ్ గ్యాస్కెట్ (నీరు రాకుండా అడ్డుపెట్టే పట్టీ) ఆ మూలలో పలచగా ఉంది.

ఆటోనగర్_ఎలక్ట్రిక్ · శనివారం రాత్రి 9:35

చాలా సంతోషం తమ్ముడూ. చెమ్మని మాత్రం వదలొద్దు, వానలు వచ్చేస్తున్నాయి. సిలికాన్ పూయకండి, రేపు లైట్ విప్పాల్సొస్తే పెయింట్‌తో సహా ఊడొస్తుంది. బ్యూటైల్ టేప్ దొరుకుతుంది, నల్లగా సాగే జిగురు పట్టీ. పాత ఫోమ్ తీసేసి చుట్టూ అది వేసి, నట్లు ఒక్కోటి కొంచెం కొంచెంగా అటూ ఇటూ మార్చి బిగించండి. ఒకే నట్‌ని ముందే గట్టిగా బిగిస్తే లైట్ వెనక ప్లాస్టిక్ బోల్టు దగ్గర పగులుతుంది.

బూడిదరంగు_320డీ · ఆదివారం ఉదయం 11:20

బ్యూటైల్ టేప్ వేశాను. మళ్లీ పది నిమిషాలు నీళ్లు పోశాం, లోపల పొడిగా ఉంది. కాలిన ట్రిమ్ ముక్క సెకండ్‌హ్యాండ్‌లో వెతుకుతున్నాను, ఎవరి దగ్గరైనా ఈ90 ఎడమవైపు డిక్కీ ట్రిమ్ ఉంటే చెప్పండి.

నల్లగుర్రం_ఆక్టేవియా · ఆదివారం మధ్యాహ్నం 12:05

నా కారు చూశాను. ఒక రెసిస్టర్ రేకుకే ఉంది, రెండోది వైర్ల కట్టకి కట్టి ఉంది. రెండూ తీసేశాను. మీకు కోడింగ్ చేసినాయన స్కోడాకి కూడా చేస్తారేమో కనుక్కుని చెప్పగలరా?

బూడిదరంగు_320డీ · ఆదివారం మధ్యాహ్నం 12:18

చేస్తానన్నారు. నంబర్ మీకు విడిగా మెసేజ్ పెడుతున్నాను.